ఆపరేషన్ తర్వాత ఇంటి భోజనానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను, జీతం 34,000. నా భార్యకు గర్భసంచి తొలగించి 18 రోజులైంది. ఆరు వారాలు విశ్రాంతి అన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న అమ్మ ఉన్నారు. కర్రీ పాయింట్ కూర నా భార్యకు పడక ఇడ్లీ, అమ్మకు చపాతీలు విడిగా తెస్తున్నాను. బయటి తిండికే 13,700 అయింది. తెలిసిన వంటావిడ పొద్దుటి పూటకు నెలకు 5,000 అడుగుతున్నది. బ్యాంకులో 46,000 ఉన్నాయి. చిట్టీ ఎత్తాలా, బంగారం కుదువ పెట్టాలా? భోజనం బిల్లులు ఇన్సూరెన్స్‌లో వస్తాయా?

జవాబు: చిట్టీ ఎత్తవద్దు, బంగారం కుదువ పెట్టవద్దు. మీరు పంపిన లెక్కలోనే అందుకు కారణం ఉంది. 18 రోజులకు 13,700 అంటే రోజుకు సుమారు 760 రూపాయలు. మిగిలిన 24 రోజులూ ఇలాగే సాగితే మరో 18,000 దాటుతుంది. వంటావిడను పెట్టుకుంటే ఆమెకు 24 రోజులకు 4,000, పాలు, కూరగాయలు, సరుకులకు రోజుకు 250 చొప్పున 6,000, మొత్తం 10,000 అవుతుంది. అందులోనూ సరుకుల 6,000 మీ భార్య తిరుగుతూ ఉన్నప్పుడు కూడా ఖర్చయ్యేదే కాబట్టి, ఇక మీదట ఈ విశ్రాంతి వల్ల మీపై అదనంగా పడే భారం 4,000 మాత్రమే. దానిని బ్యాంకులోని 46,000లో నుంచి తీయండి, మిగతాది మందులకూ పరీక్షలకూ ఉంచండి.

మీ డబ్బు ఎక్కువగా పోయింది ధరల వల్ల కాదు, ఒకే పూటకు మూడు చోట్ల తెచ్చుకోవడం వల్ల. వంటావిడ పప్పు ఉడికాక, కారం, చింతపండు వేయకముందే ఒక గిన్నెడు తీసి మీ భార్యకు పక్కన పెట్టమనండి. కూర కూడా అట్లాగే. అమ్మకు నాలుగు జొన్న రొట్టెలు అప్పుడే చేయిస్తే రాత్రికీ సరిపోతాయి. సాయంత్రం మీరు కుక్కర్‌లో అన్నం పెట్టి చారు కాచుకుంటే చాలు, రెండో పూటకు మనిషి అక్కర్లేదు. ఆవిడ జీతం దగ్గర మాత్రం బేరమాడకండి. ఈ 24 రోజులూ మీ ఇల్లు ఆమె మీదే నడుస్తుంది.

చిట్టీ సంగతి: మొదటి నెలల్లో పాడితే తగ్గింపు కిందనే చాలా పోతుంది, దానిని పిల్లల చదువుకు ఉంచండి. బంగారం మీద వందకు రూపాయి వడ్డీ అనుకున్నా 50,000కు నెలకు 500 కట్టాలి. అంతకంటే నన్ను భయపెట్టేది, చేతిలో అంత డబ్బు ఉంటే బయటి తిండి ఆగదన్న సంగతి.

ఇన్సూరెన్స్‌లో ఈ బిల్లులు రావు. ఆసుపత్రి రోగికి ఇచ్చే ఆహారం తప్ప మిగతా భోజన ఖర్చును, బీమా కంపెనీలు చెల్లించనవసరం లేని వాటి జాబితాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చేర్చింది. అయితే ఇంటికి వచ్చాక కొన్న మందులు, చేయించిన పరీక్షలు, డాక్టరు ఫీజు చాలా పాలసీల్లో 60 రోజుల వరకు వస్తాయి. ఆ రసీదులన్నీ డాక్టరు చీటీతో కలిపి ఒక కవరులో దాచండి.

ఇంకొకటి, ఇది డబ్బు ఖర్చు లేనిది. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు చూడవచ్చిన వాళ్ళు తెచ్చిన ఆపిల్ పండ్లు బుట్టలోనే కుళ్ళిపోయాయి, పొయ్యి మీద మాత్రం కూర లేదు. అడగడానికి మొహమాటపడ్డాం. మీరు పడకండి. వచ్చే చుట్టాలకు ముందుగానే ఫోన్ చేసి, పండ్లకు బదులు ఆదివారం ఒక డబ్బా కూర, కారం తక్కువగా వేసి తెమ్మని చెప్పండి. ఆదివారాలు వంటావిడకు సెలవు ఇవ్వగలుగుతారు, జీతం కోయకుండా.

ఆరు వారాలకు చూపించుకున్నప్పుడు డాక్టరు ఇంకో రెండు వారాల విశ్రాంతి చెప్పినా, వంటావిడకు మరో 2,300 వరకు అవుతుంది, అంతే. మీ భార్య ఖర్చుకు భయపడి ముందే పొయ్యి దగ్గరికి రాకుండా ఆ డబ్బును ఇప్పుడే విడిగా తీసి ఆమెకు చూపించండి.