తక్కువ తిరిగిన ఎవో 6 మాకినెన్ ఎడిషన్ కొనొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: ఇంగ్లండ్‌లో ఒక డీలర్ దగ్గర 2000 నాటి మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 6, టామీ మాకినెన్ ఎడిషన్ అమ్మకానికి ఉంది. జపాన్ నుంచి వచ్చిన బండి. రీడింగ్ 14 వేల మైళ్ళే. మామూలు ఎవో 6 కన్నా ధర బాగా ఎక్కువ. తీసుకోవచ్చా, తర్వాత హైదరాబాద్ తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

తీసుకోవచ్చండీ. కాకపోతే ఆ 14 వేలను రుజువు చేసే కాగితాలు ఉంటేనే ఆ ధర పెట్టండి. నేను బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాను. జపాన్ నుంచి వచ్చిన ఎవో 6 (జీఎస్ఆర్ అనే రకం) చాలా ఏళ్ళు నడిపాను. తర్వాత ఒక స్నేహితుడికి మాకినెన్ ఎడిషన్ వెతికే పనిలో తోడు వెళ్ళాను. ఈ బండంటే నాకు ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యాడు, నాలుగూ మిత్సుబిషితోనే. దాని గుర్తుగా వచ్చిన ఎడిషన్ ఇది. ఫాగ్ లైట్లు లేని ముందు బంపర్, 17 అంగుళాల తెల్ల ఎంకై చక్రాలు, ఎరుపు నలుపు రెకారో సీట్లు దీని గుర్తులు. అయితే ఇవన్నీ విడిగా కొని మామూలు ఎవో 6కి బిగించవచ్చు, బిగించినవాళ్ళూ ఉన్నారు. ఎవో 6లన్నిటి ఛాసిస్ నంబరూ సీపీ9ఏ తోనే మొదలవుతుంది కాబట్టి ఆ అక్షరాలు చూసి నిర్ధారణకు రావొద్దు. పూర్తి ఛాసిస్ నంబర్ తీసుకుని విడిభాగాల కేటలాగ్‌లో అది ఏ మోడల్‌గా ఉందో చూపించమనండి.

ఇక రీడింగ్ సంగతి. జపాన్‌లో మీటరు కిలోమీటర్లలో ఉంటుంది. ఇక్కడికి వచ్చాక మైళ్ళకు మార్చేటప్పుడు, పాత అంకెను అలాగే వదిలి ఆపై మైళ్ళు కలుపుకుంటూ పోయిన బండ్లు ఉన్నాయి. మీటరే మార్చేసినవీ ఉన్నాయి. కాబట్టి జపాన్ వేలం షీట్ (అక్కడ వేలం వేసేటప్పుడు బండి పరిస్థితి రాసే కాగితం) అడగండి. అందులో గ్రేడు, అప్పటి రీడింగ్ ఉంటాయి. గ్రేడు దగ్గర ‘ఆర్’ ఉంటే బండికి దెబ్బ తగిలి రిపేరు జరిగిందని. ఇక్కడి ఎంఓటీ (ఏటా చేసే బండి ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. ఏటా రాసిన రీడింగులు వేలం షీట్‌తో వరసగా కలవాలి. మధ్యలో కొన్నేళ్ళు ఎంఓటీ లేకపోతే బండి ఆ కాలమంతా ఎక్కడ, ఎలా ఉందో అడగండి. మేం చూసిన ఒక బండికి వేలం షీట్ ‘ఎక్కడో పోయింది’ అన్నారు. రంగు తళతళలాడుతోంది, అయినా వద్దనుకుని వచ్చేశాం. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనుకుంటాను.

రీడింగ్ నిజమే అయినా పని అయిపోదు. కదలకుండా నిలబడిన బండికి వేరే జబ్బులు వస్తాయి. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, బ్రెంబో బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోల్ పాడవుతుంది. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అరుగుదల లేని టైరు కూడా పదిహేనేళ్ళ పాతదైతే దాన్ని నమ్మి ఈ బండి నడపకూడదు. టైమింగ్ బెల్ట్ దగ్గర మొహమాటం అసలు వద్దు. ఈ 4జీ63 ఇంజన్‌లో బ్యాలెన్స్ షాఫ్ట్‌కు (ఇంజన్ అదురు తగ్గించే కడ్డీకి) మరో చిన్న బెల్ట్ ఉంటుంది, అది తెగి పెద్ద బెల్ట్‌లో చిక్కుకుంటే ఇంజన్ పోయినట్టే. ఎన్ని మైళ్ళు తిరిగిందన్నది పక్కనపెట్టి, రెండూ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. స్టార్ట్ చేయగానే పైన టక్ టక్ మని ట్యాపెట్ల శబ్దం వస్తే కంగారు వద్దు, ఈ ఇంజన్‌కు అది మామూలే. వేడెక్కాక కూడా ఆగకపోతే ఆలోచించాలి. తాళం తిప్పగానే ఏవైసీ (వెనక రెండు చక్రాలకు బలాన్ని పంచే హైడ్రాలిక్ వ్యవస్థ) లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేసి ఉండొచ్చు. ఆ వ్యవస్థలో పంపు పోతే ఖర్చు భారీగా ఉంటుంది. నా బండికి నేనే పెట్టాను, కాబట్టి తెలుసు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు వైపులా మెల్లగా చుట్లు కొట్టండి. వెనక నుంచి ధన్ ధన్ మని వస్తే డిఫరెన్షియల్ చూపించాలి.

బండిని ర్యాంప్ ఎక్కించకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో బండి కింద తుప్పు పడుతుంది. వెనక చక్రాల పైభాగాలు, సిల్స్ (తలుపుల కింది అంచులు) చివర్లు, వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలను మోసే ఇనుప చట్రం) టార్చ్‌లైట్ వేసి చూడండి. కొత్తగా దట్టంగా నల్ల పూత కనిపిస్తే దాని కింద ఏముందో అడగాలి.

కొన్నాక: జపాన్ బండ్ల ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) అక్కడి 100 ఆక్టేన్ పెట్రోల్‌కు సెట్ చేసి ఉంటుంది. ఇక్కడ 99 దొరికే బంకుల్లోనే పోయించండి, మంచి ట్యూనర్‌తో రీమ్యాప్ చేయించండి, అంటే ఆ కంప్యూటర్ సెట్టింగులు ఇక్కడి పెట్రోల్‌కు తగ్గట్టు మార్పించండి. ఇన్సూరెన్స్ విలువ ముందే ఒప్పుకున్న పాలసీగా తీసుకోండి. వారానికొకసారైనా ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి. దాచిపెట్టి ధర పెరిగాక అమ్ముదామని మాత్రం ఇంత మంచి బండిని కొనకండి, దయచేసి.

హైదరాబాద్ మాట మరిచిపోండి. మూడేళ్ళు దాటిన విదేశీ వాడకం కారును రోజూ నడుపుకోవడానికి ఇండియాకు దిగుమతి చేసుకోనివ్వరు. 1998 నుంచి హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్ళూరులో తయారుచేసిన లాన్సర్‌దీ, ఈ ఎవోదీ ఒకే తరం బాడీ. అందుకే మన రోడ్ల మీద చూసినట్టే అనిపిస్తుంది. ఊళ్ళో ఒకటి ఉండాలనే ముచ్చట ఉంటే, బాగున్న పాత లాన్సర్ కోసం అక్కడే వెతకండి.