అమ్మమ్మ చీరల బొంతకి ఏం పేరు పెట్టాలి?

చిరంజీవి బుజ్జమ్మకి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఫొటోలన్నీ చూశాను. అమ్మమ్మ చీరలు, తాతయ్య పంచెలు మంచం నిండా పరిచి, కత్తెర పక్కన పెట్టుకుని, "కొయ్యడానికి చెయ్యి రావట్లేదు పెద్దమ్మా, పేరు మాత్రం రెడీ" అని రాశావు. 'జ్ఞాపకాల హరివిల్లు' అట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పేరు ఎవరింటి బొంతకైనా పెట్టొచ్చు, కాలేజీ వార్షిక సంచికకి కూడా పెట్టొచ్చు. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఏ చీర మధ్యలోకి రావాలి, ఏది పక్కకి పోవాలి, దేనికి అసలు కత్తెర తగలకూడదు అని తేల్చుకుంటుంటే పేరు దానంతటదే తయారవుతుంది. ముందే పేరు పెట్టుకుని దానికి తగ్గట్టు గుడ్డలు వెతికితే, ఫోన్లో ఫొటోకి అందంగా ఉంటుందేమో గాని ఇంట్లో ఎవరూ ఆ పేరుతో దాన్ని పిలవరు.

ముందు కొయ్యడం సంగతి. నీకు టెన్షన్ అంతా చీరలు నాశనమైపోతాయని. ఎంత గుడ్డ పడుతుందో లెక్క వేస్తే సగం భయం పోతుంది. నీకు నేను చెప్పేది లాగ్ క్యాబిన్ బ్లాకు, నువ్వున్న అమెరికాలో బాగా పాత డిజైను. బ్లాకు అంటే చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరం, అలాంటివి పక్కపక్కన కలిపితే బొంత. మధ్యలో రెండున్నర అంగుళాల చదరం, దాని చుట్టూ ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు చుట్లు. కుట్లకి అన్ని వైపులా పావు అంగుళం పోతే బ్లాకు 8 అంగుళాలు తేలుతుంది. చదరానికి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు పక్కలా లేత రంగులు, మిగతా రెండు పక్కలా ముదురు రంగులు వెయ్యాలి. ఒక బ్లాకుకి లేత పట్టీ 30 అంగుళాలు, ముదురు పట్టీ 36 అంగుళాలు పడుతుంది. నీ బొంతకి 50 బ్లాకులు. చీర పన్నా 45 అంగుళాలు అనుకో, ముదురు రంగులన్నిటికీ కలిపి 60 అంగుళాల పొడవు గుడ్డ చాలు. ఆరు చీరలు వాడితే ఒక్కోదాంట్లో పది అంగుళాలు. తప్పులకీ తరుగుకీ కలిపి మూరెడు కోసుకున్నా, చీర చీరలాగే మిగులుతుంది. పిన్ని కూతుళ్లకి కూడా ఇవ్వొచ్చు.

మూరెడు ఎక్కణ్నుంచి కొయ్యాలన్నది చూసుకో. కుచ్చిళ్లు పడే చోటా, నడుం దగ్గర దోపే చోటా నూలు చీర ముందు పల్చబడుతుంది. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడు, వెలుతురు ఎక్కడ ఎక్కువ దిగుతుందో అక్కడ గుడ్డకి ఆయువు అయిపోయినట్టే. కొంగుకి ముందుండే భాగం గట్టిగా ఉంటుంది. రంగు దిగుతుందా అనే అనుమానం ఉంటే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దు. ఎరుపూ ముదురు నీలమూ తప్పకుండా చూడాలి. రంగు దిగేదాన్ని మొహమాటం లేకుండా తీసెయ్, ఒక్క ఉతుకులో తాతయ్య పంచెలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి.

ఫొటోలో నాకు కనిపించినవాటి గురించి చెప్తాను. ఇటుక రంగు నారాయణపేట గళ్ల చీర ఈ పనికి పుట్టినట్టే ఉంది, ఎంత చిన్నగా కోసినా గళ్లు గళ్లలాగే కనిపిస్తాయి. మంగళగిరి చీరల్లో ఒంటి గుడ్డ వాడుకో, జరీ ఉన్న అంచు వద్దు. కప్పుకున్నప్పుడు గెడ్డం కింద గీరుకుంటుంది. గద్వాలలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒకేలా ముడుచుకోవు, కాబట్టి నూలు భాగమే తీసుకో. పోచంపల్లి మాత్రం ఈ బొంతలోకి తేకు. ఆ చీరకి నేతకి ముందే పోగులు కట్టి రంగులద్దుతారు, అందుకే డిజైను అంచులు మసకమసకగా పాకినట్టుంటాయి. అందం అంతా అందులోనే ఉంది. అంగుళం పట్టీ చేస్తే అది కనపడదు, ఏదో అచ్చుగుడ్డ మాసిపోయినట్టుంటుంది. దాన్ని దిండు గలీబుకి పెద్ద ముక్కగా వాడుకుందువుగాని.

ఎన్ని రంగులు కలపొచ్చు అని అడిగావు. ఎన్నైనా కలుపు. చూడాల్సింది రంగు కంటే లేత, ముదురు తేడా. గుడ్డలన్నీ వరసగా పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తియ్యి. నెమలికంఠం, వంగపండు, మిరపపండు ఎరుపు మూడూ ఒకే బూడిద రంగులో పడతాయి, అంటే మూడూ ఒకే వైపు వెయ్యాల్సినవే. చిలకాకుపచ్చ లాంటివి మధ్యరకం, అటూ ఇటూ కాకుండా గోడ మీద పిల్లిలా కూర్చుంటాయి. వాటిని ఒక బ్లాకులో లేత వైపూ ఇంకోదాంట్లో ముదురు వైపూ వాడితే బొంత మొత్తం మసకబారుతుంది. ఒక పక్షానికి కట్టెయ్, లేదా మానెయ్. లేత వైపంతా తాతయ్య పంచెలూ, అమ్మమ్మ వెంకటగిరి తెల్లచీరా సరిపోతాయి. తెలుపులో తెలుపు నాలుగు రకాలుంటే ఇంకా మంచిది. పాత పంచె పసుపు తెలుపు, వెంకటగిరి పాలతెలుపు. ఆ కొద్ది తేడాలోనే బొంతకి ప్రాణం ఉంటుంది.

ఇక మధుపర్కం చీర. దాన్ని చూడగానే నాకు కూడా గొంతు పట్టేసింది. దానికి కత్తెర పెట్టొద్దు. శాస్త్రం గురించి అనడం లేదు, కొయ్యాల్సిన అవసరమే లేదు గనక చెప్తున్నాను. నీ బొంత వెడల్పుకి 5 బ్లాకులు, పొడవుకి 10 బ్లాకులు అని నేను చెప్పడానికి కారణం అదే. వెడల్పు 40, పొడవు 80 అంగుళాలు. చీరని పొడవులో సగానికి మడిస్తే రెండు పొరలవుతుంది, ఒక్కోటీ రెండున్నర మీటర్లు. బొంతకి అడుగు పొరా లోపలి పొరా రెండూ అదే అయిపోతుంది. పొడవులో మిగిలిన అడుగున్నర కాళ్ల వైపు లోపలికే మడిచెయ్, అక్కడ ఇంకాస్త వెచ్చగా ఉంటుంది. పక్కలకి రెండున్నర అంగుళాల చొప్పున మిగులుతుంది కదా, దాన్ని పై వైపుకి తిప్పి కుట్టు. ఎర్రంచు సరిగ్గా బొంతకి రెండు పక్కలా గీత గీసినట్టు వస్తుంది. నేసిన అంచు పోగులు ఊడదు కాబట్టి మళ్లీ లోపలికి మడవక్కర్లేదు, అంచు మీదే కుట్టెయ్యొచ్చు. మీ దగ్గర చలి ఎక్కువ, పై పొర కింద పల్చటి కాటన్ బ్యాటింగ్, అంటే పరిచిన దూది పొర, కూడా పెట్టు.

బ్లాకులు కుట్టేటప్పుడు మిషనుకి 11 నంబరు సూది వేసుకో, పాత చీరలకి లావు సూది చిల్లులు పెడుతుంది. వెంకటగిరి మరీ పల్చగా అనిపిస్తే కోసేముందు వెనక ఇస్త్రీకి అంటుకునే పేస్టింగ్ క్లాత్ పల్చటిది వెయ్యి. పట్టీలు నిలువుకో అడ్డానికో కోసుకో గాని క్రాస్‌గా కొయ్యొద్దు, సాగిపోతాయి. ప్రతి పట్టీ కుట్టగానే ఇస్త్రీ పెట్టు, పెట్టెని లాగకుండా ఎత్తి ఎత్తి నొక్కు. బ్లాకు ఎనిమిదికి ఓ పావు తక్కువొచ్చినా కంగారు పడకు. అన్నీ అదే తక్కువలో ఉంటే చాలు.

ఇప్పుడు అసలు మజా. కుట్టిన 50 బ్లాకులూ నేల మీద పరిచి తిప్పి తిప్పి చూడు. అన్నీ ఒక్కటే బ్లాకు, పేర్చడంలోనే బొంత మారిపోతుంది, పేరు కూడా మారిపోతుంది. మధ్య నుంచి ఒకదాని చుట్టూ ఒకటి వజ్రాల్లా విచ్చుకునేలా పేరిస్తే అమెరికా వాళ్లు 'బార్న్ రైజింగ్' అంటారు, ఊరంతా కలిసి ఒక రైతుకి కొట్టం నిలబెట్టడం. దానికి రెండు వైపులా సరిసంఖ్య వరసలుంటేనే మధ్య కుదురుతుంది, నీకు అయిదు కాబట్టి వద్దు. ఒక బ్లాకు నిటారుగా, పక్కది తలకిందులుగా, కింది వరసలో తారుమారుగా పేర్చు. వెలుగూ నీడా ఏటవాలు చారలై బొంత ఈ మూల నుంచి ఆ మూలకి పోతాయి. దాన్ని 'స్ట్రెయిట్ ఫర్రో' అంటారు, నాగలి తోలిన చాలు. మన తాతయ్య పంచెలు ఒక చాలు, అమ్మమ్మ చీరలు పక్క చాలు. ఇంతకంటే ఏం కావాలి? మధ్య చదరానికి వాళ్ల ఆనవాయితీ ఎరుపు, ఇంట్లో పొయ్యికి గుర్తు అంటారు. అమ్మమ్మ వంటింట్లో రోజూ కట్టుకున్న మిరపపండు రంగు చీర ఉంది చూడు, దానికంటే సరైనది దొరకదు. యాభై చదరాలకీ దాంట్లో జానెడు కూడా పట్టదు.

పేర్ల విషయంలో ఆ అమెరికా ఆడవాళ్ల దగ్గర నాకు నచ్చేది ఇదే. పొలం, పొయ్యి, ఇటుక, ఎలుగు పాదం, వెన్న చిలికే కవ్వం, ఎదురుగా కనిపించినవే పేర్లు. అలబామాలో గీస్ బెండ్ అని నల్లజాతి రైతు కుటుంబాల ఊరు ఉంది, వాళ్ల క్విల్టులు, అంటే బొంతలే, 2002లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం దాకా వెళ్లాయి. వాటిలో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో భర్త పోయాక ఆయన పనిబట్టలతో కుట్టినది ఒకటి. దాన్ని పిలిచేది 'పనిబట్టల క్విల్టు' అనే. బాధ, ప్రేమ, జ్ఞాపకం అనే మాటలు ఆ పేరులో ఎక్కడా లేవు. ఏ బట్టలో చెప్తే చాలు, మిగతాది చూసేవాళ్లకి తెలుస్తుంది. బెంగాల్లో పాత గుడ్డలు పొరలుగా కుట్టే కాంథాలకైతే వాడుకను బట్టి పేర్లు, అద్దం చుట్టేది 'ఆర్షీలతా', చలికి కప్పుకునేది 'లేప్'.

నువ్వు కూడా అలాగే వెతుకు. రంగుల పేర్లు మన దగ్గర ఎన్ని లేవు? కనకాంబరం, నేరేడు, మెంతి, ఇటుక, చిలకాకుపచ్చ. ఏ రంగు ఎక్కువ పడితే దానిదే పేరు కావచ్చు. ముగ్గుల పేర్లున్నాయి, చీర అంచుల పేర్లున్నాయి, రుద్రాక్ష, కోటకొమ్మ, గంగాజమున. మీ అమ్మమ్మ ఊరి చెరువు పేరో, పొలం పేరో ఉండనే ఉంది. పేరు దొరికాక ఒక పరీక్ష పెట్టు. రాత్రి చలేస్తుంటే మీ ఆయన పక్క గదిలోంచి "ఆ ఫలానాది ఇలా పట్రా" అని అరవగలగాలి. నీ కొడుక్కి నోరు తిరగాలి. 'జ్ఞాపకాల హరివిల్లు ఇలా పట్రా' అని ఎవరైనా అంటారా చెప్పు? రెండు మాటలు దాటితే ఎలాగూ వాళ్లే కుదించేస్తారు, ఆ పని నువ్వే చెయ్యి. ఇంకోటి, మనిషి పేరు బొంతకి పెట్టకు. 'అమ్మమ్మ' అని పెడితే ఉతకడానికీ భయం, చిరిగితే ఏడుపు. వాడుకోవడం మానేసి బీరువాలో పెట్టేస్తావు.

నేనైతే దీన్ని 'ఎర్రంచు చాళ్లు' అంటాను. రోజువారీ పిలుపులో 'ఎర్రంచు' మిగులుతుంది. నీకు వేరేది తడితే అదే పెట్టు, నేనేం అలగను.

పేరు పెట్టి ఊరుకోకు, రాసి కుట్టు. హ్యారియట్ పవర్స్ అని బానిసగా పుట్టిన ఒకావిడ జార్జియాలో 1886లో బైబిలు కథలతో ఒక క్విల్టు కుట్టింది. డబ్బుకి ఇబ్బందై చివరికి అయిదు డాలర్లకి అమ్మేసింది. కొన్న జెన్నీ స్మిత్ ఆవిణ్ని అడిగి ఏ బొమ్మ ఏ కథో రాసి పెట్టుకుంది కాబట్టి ఈనాటికీ మనకి తెలుస్తోంది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్‌లో ఉంది. మన ఇళ్లలో ఎన్ని బొంతలు ఎవరి చీరలో తెలియకుండానే పొత్తిగుడ్డలై, ఆ తర్వాత మసిగుడ్డలై పోయాయో. అరచెయ్యంత తెల్లగుడ్డ మీద దారంతో పేరు, సంవత్సరం, ఎవరి ఏ చీరలో కుట్టి వెనక మూలకి తగిలించు. పెన్నుతో రాస్తే ఉతుకులకి ఆగేదో కాదో ముందు ఒక పేలిక మీద చూసుకో. తెలుగులోనే రాయి. పిల్లాడికి చదవడం రాదంటావా, అడిగి చదివించుకుంటాడు.

పొరలన్నీ పేర్చాక టాకాలు మధ్య నుంచి బయటికి వేసుకుంటూ రా, అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. పై కుట్లు చాళ్ల వెంటే వెయ్యి, చేత్తో అయితే మరీ మంచిది. ఉతికాక నీడనే ఆరబెట్టు. తడిస్తే చాలా బరువు, ఒక్కదానివే ఎత్తకు.

ఇవాళ చెయ్యాల్సిన పని ఒక్కటే, మధుపర్కం చీర పన్నా, పొడవూ టేపుతో కొలిచి నాకు పంపు. పన్నా 44 కంటే తగ్గితే బ్లాకు సైజు మార్చాలి, పట్టీల లెక్క మళ్లీ వేసిస్తాను. అంతవరకూ కత్తెర ముట్టుకోకు. ఇండియా వచ్చేటప్పుడు ఆ పోచంపల్లి తీసుకురా, మీ అమ్మకి దిండు గలీబులు ఇక్కడే కుట్టేద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ