పదిమందికీ ఒకే పులిహోర

ప్రశ్న: మాస్టారూ, ఇంజనీరింగ్ చదివే మా మనవడు మొన్న ఫోను చూసుకుంటూ "వీడు మళ్లీ పులిహోర కలుపుతున్నాడు" అని పగలబడి నవ్వాడు. "ఎవర్రా ఆ అబ్బాయి? చెయ్యి తిరిగినవాడైతే శ్రావణ శుక్రవారం నాడు మనింటికి రమ్మను" అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు, కోడలితో సహా. పులిహోరలో అంత నవ్వేముంది?
– ఒక బామ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి వచ్చినా మీకు పనికిరాడు. ఆడపిల్ల కనబడగానే మాటలకు పోపు పెట్టి మెప్పించబోవడాన్ని కుర్రాళ్లు 'పులిహోర కలపడం' అంటున్నారు. కలిపేవాడు 'పులిహోర రాజా'. "తిన్నావా?", "డీపీ అదిరింది", "నీ గొంతు వింటే తలనొప్పి పోతుంది": ఇవీ అందులో వేసే పల్లీలూ జీడిపప్పులూ.

మీ ఒక్కరికే కాదు, నాకూ అయింది. పోయినేడు పాత విద్యార్థులు బెజవాడలో మమ్మల్నందర్నీ ఒకచోట చేర్చారు. మా హిందీ టీచరుగారితో "మీరు పద్యం చదువుతుంటే పక్క క్లాసులో నేను పాఠం ఆపేసి వినేవాణ్ణి" అన్నాను. నిజమే చెప్పాను. వెనకనుంచి "మాస్టారు కలిపేస్తున్నారు!" అని వినబడింది. భోజనాల సంగతేమో అనుకుని విస్తళ్లు ఎక్కడ వేశారా అని చూశాను.

తర్వాత ఆలోచిస్తే, కిటుకంతా 'కలపడం'లోనే ఉందనిపించింది. మాట కలపడం, వరస కలపడం మనకు ఎప్పట్నుంచో ఉన్నవే. మాట కలిపేవాడి ముందు ఇప్పుడు అన్నం బేసిను పెట్టారు. మరి పప్పన్నం ఎందుకు కాలేదు? పప్పన్నం ఎవరి కంచంలో వాళ్లు కలుపుకుంటారు. పులిహోర పదిమందికీ కలిపి ఉంచుతారు. రాజాగారి మెసేజీ కూడా అంతే, అక్షరం మారకుండా పదిమందికి వెళుతుంది. ఈ పేరు మొదట పెట్టినవాడెవడో గానీ, వాడికి తెలుగులో నూటికి నూరు వేస్తాను.

అన్నం ఆరబెట్టకుండా పులుసు పోస్తే ముద్దవుతుందని మీకు నేను చెప్పాలా? ఈ రాజాలకు ఆ ఆరబెట్టే ఓపికే ఉండదు.

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ప్రసాదాన్ని పట్టుకుని ఈ వెకిలి మాటలేమిటని మా ఇంటావిడ కోపం. నాకు లేదు. ఇందులో 'పులి' అంటే పులుపు. 'ఓగిరం' అంటే అన్నం. కన్నడిగులు ఇప్పటికీ పుళియోగరె అంటారు. అంత పాత మాట కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతోంది, తిరగనివ్వండి. పప్పులో కాలేసిందీ, కూరలో కరివేపాకయిందీ మన తరాలవాళ్లే కదా!

ప్రశ్న: "ప్రేమా లేదు, గోంగూరా లేదు" అంటుంటే మా గుంటూరువాళ్లకు కోపం రావద్దా మాస్టారూ?
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట

జవాబు: ఎందుకయ్యా? వంకాయనీ, కాకరకాయనీ కూడా అలాగే లాగుతున్నారు. మనం 'పెళ్లీ గిళ్లీ', 'ప్రేమా గీమా' అంటాం చూడు, ఆ 'గీ' ఉన్నచోట గోంగూర కూర్చుంది. గకారం అచ్చంగా సరిపోయింది గనక గోంగూరకే పేరొచ్చిందని నా ఊహ. మీ అమ్మగారు ఎర్రగోంగూర పచ్చడి పడితే ఒక సీసా సత్యనారాయణపురం పంపించు. ఇది పులిహోర కాదు, నిజంగానే అడుగుతున్నా.