కల్దునీ పెనంలో విడిపోతుంటే

తిప్పగానే కల్దునీ (లోపల కీమా పెట్టి కాల్చే బెలారస్ బంగాళాదుంప అట్లు) విడిపోతున్నాయి, లోపల కీమా పచ్చిగా ఉంటోంది అన్నారు కదండీ. విడిపోవడానికి కారణం తడి. బంగాళాదుంపను సన్నగా తురిమి, పల్చటి గుడ్డలో గట్టిగా పిండండి. ఆ నీళ్లు మాత్రం పారబోయకండి! పది నిమిషాలు కదపకుండా ఉంచితే గిన్నె అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైనీళ్లు వంపేసి దాన్ని తురుములో కలపండి, పట్టు ఇచ్చేది అదే. మైదా గుమ్మరిస్తే దుంప రుచే పోతుంది. ఉల్లిపాయ కూడా తురిమి వేస్తే తురుము త్వరగా నల్లబడదు.

బెలారస్‌లో ఎక్కువగా పంది కీమా, అదీ పచ్చిదే పెడతారు. అందుకే వేపుడొక్కటే చాలదు. రెండువైపులా ఎర్రగా కాల్చి, మూతగిన్నెలో పేర్చి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట మగ్గనివ్వండి. వీటితో వేసుకునే స్మెతానా (అక్కడి పుల్ల మీగడ) దొరక్కపోతే మన దగ్గర దొరికే చిక్కటి పుల్ల మీగడ వేసుకోండి.