యూత్ క్లాసుకు పౌండ్లు పోయకు తమ్ముడూ

వందనాలు తమ్ముడూ. జడ్చర్ల నుంచి ఇంగ్లండ్ వచ్చి ఏడాది నిండకముందే చర్చి సంఘంలో యూత్ క్లాస్ నీకు అప్పగించారంటే సంతోషం. అపాలజెటిక్స్, అంటే మన విశ్వాసం మీద వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడం, నేర్పడానికి ఏ కోర్సు కొనాలని అడిగావు కదా, ముందు ఆ కార్డు జేబులో పెట్టు.

మాది నల్లగొండ. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఇదే పని నా మీద పడితే, అద్దె, వీసా ఫీజు, ఊళ్లో అమ్మకు పంపాల్సినవి అన్నీ నెత్తి మీద ఉండగానే అమెరికా నుంచి వీడియో కోర్సు, పిల్లలందరికీ వర్క్‌బుక్కులు తెప్పించాను. రెండో వారానికే పిల్లలు ఫోన్లలో మునిగారు. ఆ పుస్తకంలో ప్రశ్న, జవాబు రెండూ అచ్చేసి ఉన్నాయి, మన పిల్లలను స్కూల్లో అడిగేది మాత్రం "బైబిల్ ఎవరో అల్లిన కథ కదా" అని. ఆ డబ్బుతో చెల్లి కాలేజీ ఫీజు కట్టేవాణ్ణి, ఇప్పటికీ బాధే.

తర్వాత, బైబిల్లోని సంగతులు బయట ఎక్కడ కనిపిస్తాయో చూపిద్దామని పిల్లల్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్లాను. ప్రవేశం ఉచితం. అక్కడ యూదా దేశపు ఊరు లాకీషు మీద అష్షూరు సైన్యం చేసిన ముట్టడి రాతి పలకల మీద చెక్కి ఉంటుంది, నిచ్చెనలు, బాణాలు, చెరపట్టుకుపోతున్న జనం, అంతా క్రీ.పూ. 701 నాటి సంగతి. అష్షూరు రాజు సన్హెరీబు రాయించిన మట్టి స్తంభమూ ఉంది, యూదా రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానంటాడు గానీ యెరూషలేమును పట్టుకున్నానని ఎక్కడా అనడు. కప్పం లెక్కలో బంగారం 30 తలాంతులని (తలాంతు అంటే ఆ కాలపు తూకం) అతనూ చెప్తాడు, పిల్లలు చదివే ఇంగ్లీష్ బైబిల్లో 2 రాజులు 18 కూడా అదే చెప్తుంది. వెండి మాత్రం స్తంభంలో 800, బైబిల్లో 300. ఆ తేడా దాచకు. మా పిల్లలు రైల్లో ఇంటిదాకా దాని మీదే వాదించుకున్నారు, ఏ వర్క్‌బుక్కూ అంత పని చేయలేదు.

మాంచెస్టర్ దగ్గరుంటే జాన్ రైలాండ్స్ లైబ్రరీ కూడా ఉచితమే, యోహాను సువార్త 18వ అధ్యాయపు చిన్న పపైరస్ ముక్క వాళ్ల దగ్గరే ఉంది. నాలుగో శతాబ్దంలో చేత్తో రాసిన గ్రీకు బైబిల్, సినాయ్ ప్రతి, ఆన్‌లైన్‌లో చూపించొచ్చు. చదువుకోవడానికి గాట్‌క్వశ్చన్స్ వెబ్‌సైట్ తెలుగులో, బైబిల్ ప్రాజెక్ట్ వీడియోలు తెలుగులో, రెండింటికీ పైసా అక్కర్లేదు.

పిల్లలతో పని కాబట్టి డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూసే తనిఖీ) సంగతి పాస్టర్‌గారిని అడుగు, గుంపుగా వెళ్తే మ్యూజియం సైట్‌లో ముందే చూసుకో. రైలు టికెట్లు మాత్రం ముందుగానే, గ్రూపుగా తీసుకో, ఆ రోజు స్టేషన్లో కొంటే మిగిలిందంతా అక్కడే పోతుంది.