ట్రాంబోన్ చదువుతానంటున్నాడు, ఊళ్లో ఏమని చెప్పాలి?

ప్రశ్న: మాది తెనాలి. ఇప్పుడు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా బాబు పదకొండో తరగతి. ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో చేర్పిస్తే, చేతులు పొడుగ్గా ఉన్నాయని ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి ఊదే వాయిద్యం ఇచ్చారు. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ వద్దట, జాజ్ ట్రాంబోన్, కంపోజిషన్ చదువుతాడట. లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలకి పంపాలా, దగ్గర్లోనే డెంటన్‌లో ఉన్న నార్త్ టెక్సస్ యూనివర్సిటీలో చేర్చాలా, లేక ఫిల్మ్ స్కోరింగ్, అంటే సినిమాలకి సంగీతం రాయడం అయితే కాస్త భద్రంగా ఉంటుందా? పోల్చి చెప్పగలరు. మా నాన్నగారు ఫోనులో విని "బ్యాండు మేళంలో చేరతాడా?" అన్నారు.

జవాబు: మీ ఉత్తరంలో మూడు కాలేజీ ప్రశ్నలున్నాయి. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం చివర్లో రాసిన మీ నాన్నగారి మాటే. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. ఒకరింట్లో చెల్లో వాయిద్యం, ఒకరింట్లో డ్రమ్స్, అంతే తేడా. అడిగేది ఫీజుల గురించి. అసలు భయం వచ్చే వేసవిలో ఊరెళ్తే బంధువుల ముందు ఏం చెప్పాలా అని.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. బాబుని బ్యాండులో ఎందుకు చేర్పించారు? కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందనే కదా. మార్చింగ్ బ్యాండు ప్రాక్టీసుకి తెల్లారకముందే లేచి దింపి ఉంటారు. శుక్రవారం ఫుట్‌బాల్ ఆటల దగ్గర బూస్టర్ క్లబ్బు (బ్యాండుకి డబ్బు పోగుచేసే తల్లిదండ్రుల సంఘం) తరఫున నీళ్ల సీసాలు కూడా అమ్మే ఉంటారు. అప్పుడు లేని అభ్యంతరం, వాడికి దానిమీద నిజంగా ప్రేమ పుట్టాక వచ్చింది. మీరు వేయించిన వేషమే, వాడు నిజం చేసుకున్నాడు. దానికి వాణ్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

అసలు ఆ వాయిద్యాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ట్రంపెట్‌కున్నట్టు మీటలుండవు. స్లైడు అనే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఏడు స్థానాల్లో స్వరాలన్నీ పట్టుకోవాలి. ఆ స్థానాలకు గుర్తులేమీ ఉండవు, చెవే దిక్కు. స్వరం నుంచి స్వరానికి జారడం, మన సంగీతంలో 'జారు' అంటామే, ఈ వాయిద్యానికి పుట్టుకతో వచ్చింది. జారకుండా, వేగంగా, విడివిడిగా పలికించడమే కష్టం. ఒకసారి ఓ పిల్లాడు ఆడిషన్‌కి సిద్ధమవుతుంటే పక్కన కూర్చున్నాను. చిన్న స్ప్రే సీసాతో స్లైడు మీద నీళ్లు చల్లుకుని, ఒకే నాలుగు వరుసల్ని నలభై నిమిషాలు వాయించాడు. మధ్యమధ్యలో కింద పరిచిన తువ్వాలు మీదికి గొట్టంలోని తడి వదిలేవాడు. అంత ఓపిక లెక్కల హోంవర్కు మీద పెట్టే పిల్లల్ని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ కష్టాన్ని జయించినవాళ్లలో జె. జె. జాన్సన్ పేరు ముందు చెబుతారు. 1924లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. సాక్సోఫోన్, ట్రంపెట్ పరుగెత్తే బీబాప్ (వేగంగా సాగే ఒక జాజ్ శైలి) వేగాన్ని స్లైడు మీద పలికించాడు. అంతటివాడూ 1952 నుంచి 54 దాకా సంగీతంతో ఇల్లు గడవక, ఓ కంపెనీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. తర్వాత మరో ట్రాంబోనిస్టు కాయ్ వైండింగ్‌తో కలిసి రెండు ట్రాంబోన్ల బృందం పెట్టి నిలదొక్కుకున్నాడు. 1961లో ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ కోసం 'పర్సెప్షన్స్' అనే పెద్ద రచన చేశాడు.

మెల్బా లిస్టన్ కథ ఇంకా గట్టిది. ఏడేళ్లప్పుడు ట్రాంబోన్ చూసి మనసు పడింది. 1949లో గాయని బిల్లీ హాలిడేతో దక్షిణాది రాష్ట్రాలు తిరిగిన అనుభవంతో విసిగి, వాయించడం మానేసి, లాస్ ఏంజెలెస్ స్కూలు బోర్డులో గుమస్తాగా చేరింది. మళ్లీ వచ్చి గిలెస్పీ బ్యాండులో వాయించింది, పియానిస్టు ర్యాండీ వెస్టన్‌కి అరేంజ్‌మెంట్లు (పాటలో ఏ వాయిద్యం ఏం వాయించాలో) రాసింది, 70లలో జమైకాలో పాఠాలు చెప్పింది. 1985లో పక్షవాతం వచ్చి ట్రాంబోన్ చేత పట్టలేని స్థితిలో కూడా కంప్యూటర్ సాయంతో సంగీతం రాసింది. మీకు ఇవి భయపెట్టే కథల్లా కనిపించవచ్చు. నేను చెప్పేది వేరు. చివరికి వీళ్లను నిలబెట్టింది వాయించడం ఒక్కటే కాదు, రాయడం, నేర్పడం కూడా. మీ వాడు కంపోజిషన్ కూడా అంటున్నాడంటే, ఆ తెలివి వాడికి ఇప్పుడే ఉందన్నమాట.

ఇక ఫిల్మ్ స్కోరింగ్. ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ ఇదే మధ్యేమార్గం. "ఎలాగూ సంగీతమే అంటున్నాడు, కనీసం సినిమాల్లోకి వెళ్తే డబ్బులైనా వస్తాయి కదా" అంటారు. నాకు దీనిమీద బాగా అనుమానం ఉంది. సినిమాకి సంగీతం ఎవరితో చేయించాలో డైరెక్టరు డిగ్రీ చూసి నిర్ణయించడు, పాత పరిచయం చూసి నిర్ణయిస్తాడు. చదువైపోయిన పిల్లలు లాస్ ఏంజెలెస్‌లో ఎవరో ఒకరి దగ్గర సహాయకులుగా ఏళ్లు గడుపుతారు. చిన్న బడ్జెట్ పనులకి ముందే రికార్డు చేసి పెట్టిన లైబ్రరీ సంగీతం దొరుకుతోంది. ఇప్పుడు యంత్రాలు తయారుచేసే సంగీతం కూడా సరిగ్గా ఆ కింది మెట్టు పనులకే ఎసరు పెడుతోంది. జాన్సన్ కూడా సినిమాలకి రాశాడు కదా అంటారేమో. రాశాడు. 1970లో, పాతికేళ్ల పైన బ్యాండుల్లో కూర్చుని ఏ వాయిద్యం ఎక్కడ ఎలా పలుకుతుందో ఒంటికి పట్టాక వెళ్లాడు. నా అంచనా తప్పు కావచ్చు కూడా. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి వీడియో గేములకి సంగీతం రాస్తూ హాయిగా ఉంది. ఆమె అంతకుముందు పన్నెండేళ్లు వయొలిన్ సాధన చేసింది మరి. వాయిద్యం వదిలేసి లాప్‌టాప్ పట్టుకుంటే భద్రత వస్తుందనుకోవడం మాత్రం భ్రమ.

అన్నట్టు, కంప్యూటర్ సైన్స్ అయితే గ్యారంటీ అనే మాట 2022లో మొదలైన ఉద్యోగాల కోతల తర్వాత కూడా అంత ధీమాగా ఎలా అంటున్నారో నాకు తెలియదు.

మీరడిగిన పోలిక దగ్గరికి వస్తే, నాకు పెద్ద సందిగ్ధం లేదు. బర్క్‌లీ గొప్ప చోటే. ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 50 వేల డాలర్లకు అటూ ఇటూ. మంచి స్కాలర్‌షిప్ వస్తే తప్ప, అంత అప్పు నెత్తిన పెట్టుకుని ట్రాంబోన్ వాయించేవాడు ఏ పనీ కాదనలేడు, మంచి పని కోసం ఆగనూ లేడు. నార్త్ టెక్సస్ మీ ఇంటికి కారులో ముప్పావుగంట. అమెరికాలో జాజ్‌కి మొదటిసారి డిగ్రీ పెట్టింది అక్కడే, 1947లో. టెక్సస్ వాసులకి ట్యూషన్ బర్క్‌లీ దానిలో దాదాపు నాలుగో వంతు. లాబ్ బ్యాండులనే పిల్లల బ్యాండులకు రిహార్సల్ వేళను బట్టి వన్ ఓ'క్లాక్, టూ ఓ'క్లాక్ అని పేర్లు. ట్రాంబోన్ల కోసమే యూ-ట్యూబ్స్ అని వేరే బృందం ఉంది. అక్కడ చదివిన కాన్రాడ్ హెర్విగ్ న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుని, న్యూజెర్సీలోని రట్గర్స్‌లో పాఠాలు చెబుతున్నాడు. కంప్యూటర్ సైన్స్ కూడా కలిపి డబుల్ మేజర్ చేయించడమంటే ఐదేళ్లు, ల్యాబులకీ రిహార్సళ్లకీ మధ్య పరుగులు. వాడు అడిగితే సరే, మీ మనశ్శాంతి కోసం వద్దు. ఆడిషన్ రికార్డింగుల సంగతి వాడి బ్యాండు డైరెక్టరుకి నాకన్నా బాగా తెలుసు.

తిండి ఎలా అంటారా? మీ వాడి స్కూల్లో బ్యాండు పీరియడ్‌కి వచ్చి విడిగా పాఠాలు చెప్పే మాస్టార్లను చూసే ఉంటారు, చాలామంది ట్రాంబోనిస్టులకి అదే నెల ఖర్చు. మార్చింగ్ బ్యాండులకి షో సంగీతం రాసిచ్చే పని టెక్సస్‌లో నిజంగా ఉంది. చర్చిలు, పెళ్లిళ్లు, ఓడల మీద కచేరీలు ఉన్నాయి. మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ, టీచరు సర్టిఫికెట్ తీసుకుంటే, డాలస్ శివార్లలో మొదటి జీతమే 60 వేల డాలర్ల చుట్టుపక్కల. ఎయిర్‌మెన్ ఆఫ్ నోట్ అని ఎయిర్ ఫోర్స్‌కి 1950 నుంచి జాజ్ బ్యాండే ఉంది, జీతం, పెన్షన్ అన్నీ ఉంటాయి. సీటు ఖాళీ కావడమే అరుదు. కోట్లు రావు. మర్యాదగా బతకొచ్చు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. బాబు పుట్టింది ఇక్కడా, ఇండియాలోనా? హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఇరవై ఒకటి నిండేసరికి ఆ హోదా పోతుంది. అప్పుడు స్టూడెంటు వీసాకి మారాలి. జాజ్ డిగ్రీకి చదువయ్యాక పని చేసుకునే గడువు మామూలుగా ఏడాదే, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి మూడేళ్లు. ఉత్తరం మొత్తంలో నేను నిజంగా కంగారుపడేది దీని గురించి ఒక్కటే. ముందు లాయరుతో మాట్లాడి, నాకు మళ్లీ రాయండి.

ఈలోపు సెమిస్టరు నడుస్తుండగా ఒక సాయంత్రం ముగ్గురూ డెంటన్ వెళ్లి లాబ్ బ్యాండు కచేరీకి కూర్చోండి. నాలుగైదు ట్రాంబోన్లు ఒకే వరుసలో లేచి వాయిస్తున్నప్పుడు ఫోను తీసి, తెనాలికి వీడియో కాల్ చేయండి. మీ నాన్నగారు బ్యాండు మేళమే అంటారు. అవునని చెప్పండి.