చీము కారుతుంటే ‘పవర్’ మాత్ర అడగొద్దు

ప్రశ్న: మాది ఆదోని. మా నాన్నకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు వారాల కిందట గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేసి మెష్ (వలలాంటి జాలీ) వేశారు. కుట్లు విప్పాక ఒకచోట చీము కారుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసినా తగ్గలేదు. వంకాయ తిన్నందుకేనా? ఇంకా పవర్ ఉన్న మాత్ర చెప్పండి.

జవాబు: వంకాయ సంగతి తర్వాత. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించారా? ఆ మాటే మీరు రాయలేదు. ఈరోజే తీసుకెళ్లండి. మెష్‌కు బ్యాక్టీరియా పట్టుకుంటే దాని మీద పొరలా పేరుకుంటుంది, మందు అంత సులువుగా అందదు. పైకి కారేది కొంచెమే అయినా లోపల ఎంత చేరిందో స్కానింగ్‌లో చూడాల్సి రావచ్చు. చలిజ్వరం వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, షుగర్ ఉన్నట్టుండి పెరిగినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

ఇక మాత్రలు. ఆపరేషన్ గాయాల్లో తరచూ కనిపించే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీద సెఫిక్సిమ్ మామూలుగానే అంతంతమాత్రం. అది చాలా మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకమైతే అసలే పనిచేయదు. గజ్జల దగ్గర ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. వాటిలో కొన్ని ఈఎస్‌బీఎల్ అనే ఎంజైమ్‌తో ఈ జాతి మందులనే విరగ్గొట్టేస్తాయి. ఏ క్రిమో తెలియకుండా ‘పవర్’ అంటే ఏం చెప్పను? చీమును కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపితే రెండు మూడు రోజుల్లో ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. కర్నూలు సర్వజన ఆస్పత్రిలోనూ చేస్తారు. కొత్త యాంటీబయాటిక్ పడకముందే శాంపిల్ ఇస్తే మేలు. ఇప్పటికే ఐదు రోజులు మింగించారు కాబట్టి కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అలాగని ఇన్ఫెక్షన్ లేదనుకోవద్దు.

సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టర్‌లో రాయాలి. షాపాయన తప్పు ఉంది, కాదనను. కానీ డాక్టర్ దగ్గరకు పోకుండా అక్కడ నిలబడి అడిగింది మీరే కదా! ఆ ఐదు రోజులూ ఊరికే పోయాయి. చాలాసార్లు చీము తీసి శుభ్రం చేయడమే అసలు వైద్యం, మాత్ర దానికి తోడు మాత్రమే. క్యాప్సూల్ విప్పి పొడి గాయంలో చల్లడం, పసుపు అద్దడం లాంటివి చేస్తుంటే ఆపేయండి.

వంకాయతో చీము పట్టదు. పత్యమని పప్పు, గుడ్డు మాన్పించకండి, గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. పరగడుపున, తిన్నాక షుగర్ చూపించండి.

మనిషిని చూడకుండా మందు పేరు రాయలేను. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితాలు, వాడిన మాత్రల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి.